హెచ్1బి మీద ఉన్నవాళ్ళకి అమెరికాలో పౌర హక్కులు వర్తిస్తాయా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. డాలస్ దగ్గర హెచ్1బి ఉద్యోగ వీసా మీద పనిచేస్తున్న ఒకాయన అపార్ట్‌మెంటు కోసం ఫోన్ చేస్తే ఖాళీ ఉంది, రమ్మన్నారు. భార్యతో కలిసి వెళ్తే "అయ్యో, ఇప్పుడే వేరేవాళ్ళు తీసుకున్నారు" అన్నారు. వంటల వాసన గురించి కూడా ఏదో నసిగారు. మర్నాడు ఆయన ఆఫీసులో తెల్ల కొలీగ్ ఒకతను ఫోన్ చేస్తే అదే ఫ్లాటు ఖాళీగానే ఉంది. ఇది జరిగి మూడు నెలలైంది. తెలిసిన సీనియర్ ఒకాయన "సివిల్ రైట్స్ అంటే సిటిజన్లకి. అదీ నల్లవాళ్ళ గొడవ. మనం మెరిట్‌తో వచ్చాం, తల దించుకుని పని చేసుకుపోదాం" అని సర్దిచెప్పాడట. ఆయన మాట నిజమేనా అని అడుగుతున్నారు.

నిజం కాదు. రెండు ముక్కలూ తప్పే. ఇల్లు, ఉద్యోగం, హోటలు, బడి విషయంలో వివక్షను అడ్డుకునే ముఖ్యమైన ఫెడరల్ చట్టాలు మీ వీసా ఏమిటని అడగవు. మీకూ వర్తిస్తాయి. పౌరులకు మాత్రమే ఉన్నవి ఓటు, జ్యూరీ, కొన్ని ప్రభుత్వోద్యోగాలు, అలాంటివి. ఇక "నల్లవాళ్ళ గొడవ" అన్నారు చూడండి, ఆ గొడవ జరగకపోతే మీ సీనియర్ ఇవాళ డాలస్‌లో కూర్చుని మీకు సలహా ఇచ్చే అవకాశం చాలా తక్కువ. అది కింద చెప్తాను.

ముందే ఒక మాట, నేను లాయర్ని కాను. 1997లో వైటూకే పని మీద అట్లాంటా వచ్చి ఇక్కడే ఉండిపోయాను. పన్నెండేళ్ళుగా శని, ఆదివారాల్లో మన పెద్దవాళ్ళకి సిటిజన్‌షిప్ పరీక్ష పాఠాలు చెప్తున్నాను. మధ్యలో కొన్నేళ్ళు ఇళ్ళ వివక్ష మీద పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థకి టెస్టర్‌గా వెళ్ళేవాణ్ణి. మీ ప్రశ్న చదవగానే ఆ రోజులే గుర్తొచ్చాయి.

టెస్టర్ అంటే ఏమిటో చెప్తాను. ఇద్దరం ఉంటాం. జీతం ఒకటే, ఉద్యోగ వివరాలు ఒకటే, కావలసిన గదులు ఒకటే. రంగూ యాసా మాత్రం వేరు. గంట తేడాతో అదే లీజింగ్ ఆఫీసుకి వెళ్తాం. బయటికొచ్చాక ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఎవరి ఫారం వాళ్ళు నింపుతాం. ఒకసారి నాకు జోడీగా వచ్చినావిడ రిటైరైన తెల్ల టీచరు. ఆఫీసులో అమ్మాయి నన్ను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టింది, మంచినీళ్ళ సీసా ఇచ్చింది, రంగురంగుల బ్రోచరు ఇచ్చింది, "ఖాళీ అవగానే ఫోన్ చేస్తా" అంది. సంతోషంగానే బయటికొచ్చాను. టీచరుగారి ఫారం తర్వాత చూశాను. ఆవిడకి తాళాలు తీసి రెండో అంతస్తులో ఫ్లాటు చూపించారు, బాల్కనీ నుంచి చెరువు చూపించారు, ఈ వారమే సంతకం పెడితే మొదటి నెల అద్దె సగం అన్నారు. మంచినీళ్ళ సీసా ఇచ్చారా అనే గడి దగ్గర ఆవిడ "లేదు" అని రాసింది. ఆ సీసా ఒక్కటే నాకు దక్కిన అదనపు మర్యాద.

అందుకే చెప్తున్నాను, ఈ రోజుల్లో వివక్ష తిట్టదు, నవ్వుతూ "సారీ" అంటుంది. పక్కన ఇంకొకరి అనుభవం పెట్టి చూస్తే తప్ప బయటపడదు. మీ కొలీగ్ తెలియకుండానే మీకు టెస్టర్ పని చేసిపెట్టాడు. ఇలాంటి గొడవే వర్జీనియాలో రిచ్‌మండ్ దగ్గర జరిగింది. నల్లజాతి టెస్టర్‌కి ఖాళీ లేదన్నారు, తెల్ల టెస్టర్‌కి ఉందన్నారు. నిజంగా ఇల్లు కావలసినవాళ్ళు కాకపోయినా, అబద్ధం విన్న ఆ నల్లజాతి టెస్టర్‌కి దావా వేసే హక్కుందని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. మీకైతే నిజంగానే ఇల్లు కావాలి.

ఈ చట్టం ఎలా వచ్చింది

ఇళ్ళ విషయంలో వివక్షని నిషేధించే ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టింది 1968 ఏప్రిల్ 11న. అంతకుముందు రెండేళ్ళు ఇలాంటి బిల్లులు కాంగ్రెస్‌లో ముందుకు కదల్లేదు. 1966లో పౌర హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ షికాగో వెళ్ళి ఇళ్ళ కోసం ఊరేగింపులు తీస్తే అక్కడ ఆయన తలకి రాయి తగిలింది. 1968లో మెంఫిస్‌లో చెత్త ఎత్తే కార్మికులు సమ్మె చేస్తున్నారు. "నేనూ మనిషినే" అన్న అర్థం వచ్చే అట్టలు మెడలో వేసుకుని వీధుల్లో నడిచారు. వాళ్ళకి తోడుగా వెళ్ళిన కింగ్‌ని ఏప్రిల్ 4న అక్కడే కాల్చి చంపారు. దేశంలో ఊళ్ళకి ఊళ్ళు తగలబడ్డాయి. ఆ మంటలు పూర్తిగా ఆరకముందే, సరిగ్గా వారానికి, చట్టమైంది. రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు ఇవ్వననడానికి వీల్లేదంది. మీ చేతిలో ఉన్న ఆయుధం అదే.

అదే చట్టంలో ఇంకో భాగం కూడా ఉంది. జాతి ద్వేషంతో ఒక మనిషి మీద దాడి చేస్తే దాన్ని ఫెడరల్ నేరంగా చూడటం ఈ రూపంలో అక్కడే మొదలైంది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథే పట్టణంలో, పని ముగించుకుని బార్‌లో కూర్చున్న మన తెలుగు ఇంజనీరుని "మా దేశం నుంచి పొండి" అంటూ ఒకడు కాల్చి చంపాడు. పక్కనున్న మరో తెలుగాయన గాయపడ్డాడు, అడ్డుకోబోయిన అమెరికన్‌కీ తూటా తగిలింది. ఆ హంతకుడికి రాష్ట్ర కోర్టులోనే కాక, ఫెడరల్ కోర్టులో విద్వేష నేరం కింద కూడా యావజ్జీవ శిక్ష పడింది. అప్పుడు ఎవరూ "వాళ్ళు సిటిజన్లా" అని అడగలేదు.

"వ్యక్తి" అనే మాట

మీ సీనియర్ పొరపాటు ఎక్కడ మొదలైందంటే, "పౌర హక్కులు" అన్న పేరులోనే పౌరుడు ఉన్నాడు కదా. పేరు చూసి మోసపోవద్దు. 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ, చట్టం ముందు సమాన రక్షణ దగ్గర "ఏ వ్యక్తికైనా" అంటుంది. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివాళ్ళ కోసం రాసిన ఆ వాక్యాన్ని మొదట్లోనే వాడుకున్నవాళ్ళలో చైనా చాకళ్ళు ఉన్నారు. సాన్‌ఫ్రాన్సిస్కోలో చెక్క భవనంలో లాండ్రీ నడపాలంటే అనుమతి తీసుకోవాలని రూలు పెట్టారు. పైకి చూస్తే అగ్నిప్రమాదాల జాగ్రత్త. చైనావాళ్ళ దరఖాస్తులు దాదాపు 200 తిప్పికొట్టారు, మిగతావాళ్ళకి మాత్రం ఇచ్చేశారు. యిక్ వో అనే లాండ్రీ పేరు మీద కేసు సుప్రీంకోర్టుకెళ్ళింది. రూలు రాత బాగానే ఉన్నా అమలు చేసే చేతిలో పక్షపాతం ఉంటే చెల్లదనీ, ఈ రక్షణ పరాయి దేశస్థులకీ ఉందనీ 1886లో తీర్పిచ్చింది. వాళ్ళు అప్పటికి పౌరులు కాలేరు, చట్టం ఒప్పుకోదు. అయినా గెలిచారు.

మెరిట్ సంగతి

ఈ మాట విన్నప్పుడల్లా నాకు కాస్త చిరాకు, క్షమించండి.

మెరిట్ మనవాళ్ళకి 1965 తర్వాత హఠాత్తుగా పుట్టుకురాలేదు. విశాఖలో ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923లో పెట్టారు. అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు ఇక్కడ పౌరులు కావడానికి పనికిరారని తేల్చింది. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ సిక్కు ఆయన. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. అప్పటి చట్టం తెల్లవాళ్ళకీ, ఆఫ్రికా మూలాలవాళ్ళకీ మాత్రమే పౌరసత్వం ఇస్తుంది. ఆ రంగు గీత తప్పని ఆయన వాదించలేదు. తాను అగ్రకులంలో పుట్టిన ఆర్యుణ్ణి కాబట్టి తననీ గీతకి అవతలివైపు తెల్లవాళ్ళలో లెక్కేయమన్నాడు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు. సామాన్య తెల్లవాడి కంటికి నువ్వు తెల్లవాడివి కావు అంది కోర్టు, ఏకగ్రీవంగా. ఆ తీర్పు పట్టుకుని అప్పటికే పౌరులైన పదుల మంది భారతీయుల పౌరసత్వం కూడా ప్రభుత్వం లాక్కుంది. అలా పోగొట్టుకున్న వైష్ణో దాస్ బగాయ్ అనే వ్యాపారి 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు.

ఇక్కడ ఒక మనిషిని పరిచయం చేస్తాను. మనవాళ్ళలో ఈయన పేరు విన్నవాళ్ళు తక్కువ. ఇమాన్యుయేల్ సెల్లర్, బ్రూక్లిన్ నుంచి కాంగ్రెస్ సభ్యుడు. థింద్ తీర్పు వచ్చిన మరుసటి నెలలో ఆయన పదవీకాలం మొదలైంది, యాభై ఏళ్ళు ఉన్నాడు. 1946లో భారతీయులకి పౌరసత్వం ఇచ్చే చట్టంలో ఆయన పేరుంది. అయితే దాని కింద ఏడాదికి ఎంతమందిని రానిచ్చారో తెలుసా? వందమందిని. దేశం మొత్తానికి. తర్వాత 1964 పౌర హక్కుల బిల్లుని ప్రతినిధుల సభలో దగ్గరుండి నడిపించిందీ ఆయనే. 1965 వలస చట్టం సెనేటర్ హార్ట్ పేరుతో కలిపి హార్ట్-సెల్లర్ చట్టమైంది. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు తీసేసి, ఆసియా, యూరప్, ఆఫ్రికా ఉన్న తూర్పు అర్ధగోళంలో అన్ని దేశాలకీ ఒకే పరిమితి, ఏడాదికి 20,000 వరకు, పెట్టింది అదే. మన డాక్టర్లు, ఇంజనీర్లు విమానాలెక్కింది ఆ తర్వాతే.

తేదీలు చూడండి. ఓటు హక్కు చట్టం మీద సంతకం 1965 ఆగస్టు 6న. వలస చట్టం మీద సంతకం అక్టోబర్ 3న, లిబర్టీ విగ్రహం పాదాల దగ్గర. రెండు నెలలు కూడా తేడా లేదు. మన దేశంలో రంగుని బట్టి ఓటు ఆపకూడదు అన్నాక, పుట్టిన దేశాన్ని బట్టి గుమ్మం ఎలా మూస్తాం అన్న ప్రశ్నకి జవాబు లేకపోయింది.

ఒక్క ఉద్యమమే ఇదంతా చేసిందని నేననను. ప్రచ్ఛన్న యుద్ధంలో ఆసియా, ఆఫ్రికా దేశాల ముందు పరువు పోతోందన్న బెంగ వాషింగ్టన్‌కి ఉంది. 1964 మేలో మన రామ్ మనోహర్ లోహియాని మిసిసిపీలోని జాక్సన్‌లో ఒక కెఫెటీరియాలోకి రానివ్వక అరెస్టు చేస్తే విదేశాంగ శాఖ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. పైగా 1965 చట్టం వల్ల ఇంతమంది మనలాంటివాళ్ళు వస్తారని దాన్ని పాస్ చేసినవాళ్ళే అనుకోలేదు. హెచ్1బి అయితే 1990 చట్టంతో వచ్చింది. కానీ గుమ్మం తెరిచిన తోపు ఎవరిదంటే, అలబామాలోని సెల్మాలో ఓటు హక్కు కోసం దెబ్బలు తిన్నవాళ్ళది.

సెల్మా మా ఊరి నుంచి కారులో మూడున్నర గంటలు. ఒకసారి మా క్లాసువాళ్ళని తీసుకెళ్ళాను. దానికి కారణం తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, డెబ్బై ఒకటో ఏడు. పాత వంద ప్రశ్నల జాబితాలో "మార్టిన్ లూథర్ కింగ్ ఏం చేశారు?" అన్నది ఒకటి. "పౌర హక్కుల కోసం పోరాడారు" అని ఇంగ్లీషులో బట్టీ పట్టించాను. ఆవిడ అప్పజెప్పేసి, "పోట్లాడాడు సరే బాబూ, గెలిచాడా?" అంది. నాకు చప్పున జవాబు రాలేదు.

ఎడ్మండ్ పెటస్ వంతెన మధ్యలో విల్లులా పైకి వంగి ఉంటుంది. సెల్మా వైపు నుంచి ఎక్కేటప్పుడు అవతలి ఒడ్డు కనిపించదు. నడినెత్తికి చేరాకే కనిపిస్తుంది. 1965 మార్చి 7న ఆరువందల మంది అలా ఎక్కి, పైకొచ్చాక కింద లాఠీలు పట్టుకుని వరసగా నిలబడ్డ పోలీసుల్ని చూశారు. వెనక్కి తిరగలేదు. ముందు నడిచిన జాన్ లూయిస్‌కి పాతికేళ్ళు, పుర్రె చిట్లింది. ఆ జిల్లాలో జనాభాలో సగానికి పైగా నల్లజాతివాళ్ళే, ఓటర్ల జాబితాకి ఎక్కింది మాత్రం అర్హుల్లో నూటికి ఇద్దరో ముగ్గురో. తర్వాత ఆ లూయిస్ మా అట్లాంటా నుంచే 33 ఏళ్ళు కాంగ్రెస్‌లో కూర్చున్నాడు. తెనాలి పెద్దావిడ మోకాళ్ళ నొప్పితో ఆగి ఆగి వంతెన పైదాకా ఎక్కింది. అవతలికి చూసి "ఇక్కణ్ణించే వెనక్కి పోవచ్చు కదా వాళ్ళు" అంది, అంతే. గెలిచాడా అని మళ్ళీ అడగలేదు. అదీ మంచిదే. 1965 ఓటు హక్కు చట్టానికి పళ్ళలాంటి ఒక భాగాన్ని 2013లో సుప్రీంకోర్టు పీకేసింది, ఆ పంచాయితీ ఇంకా నడుస్తూనే ఉంది.

ఇప్పుడు షరతులు, ఇవి జాగ్రత్తగా చదవండి

రక్షణ ఉంది కదా అని అన్నీ దాని కిందకి రావు. పుట్టిన దేశం వేరు, వీసా హోదా వేరు. "ఇండియన్లకి ఇవ్వం" అంటే చట్టవిరుద్ధం. అద్దెకొచ్చే అందరినీ ఒకే రకంగా జీతం కాగితాలు, గుర్తింపు పత్రాలు అడిగితే అది వివక్ష కాదు. ఉద్యోగంలోనూ అంతే. 1964 చట్టం 15 మంది, ఆ పైన ఉన్న కంపెనీలకి వర్తిస్తుంది, మీరు హెచ్1బి అయినా సరే. కానీ "మేం వీసా స్పాన్సర్ చెయ్యం" అని కంపెనీ అంటే దాన్ని తప్పుపట్టలేం. పనిలో పనిగా ఇంకోటి: మన కన్సల్టెన్సీలు కొన్ని "హెచ్1బి వాళ్ళు మాత్రమే" అని ప్రకటనలు వేస్తుంటాయి. అది సిటిజన్ల మీద వివక్ష, 1986 చట్టం ప్రకారం తప్పు. న్యాయశాఖ ఇలాంటి కంపెనీల చేత జరిమానాలు కట్టించింది కూడా. చట్టం రెండు వైపులా పదునే.

ఇంటి విషయంలో చిన్న మినహాయింపు ఉంది. నాలుగు వాటాలో, అంతకన్నా తక్కువో ఉన్న ఇంట్లో యజమాని తానూ ఉంటుంటే 1968 చట్టం చాలావరకు వర్తించదు. అయితే 1866 నాటి పాత పౌర హక్కుల చట్టం ఒకటుంది, జాతి కారణం అయితే దానికి ఈ మినహాయింపు లేదు. మీది లీజింగ్ ఆఫీసు ఉన్న కాంప్లెక్సు కాబట్టి ఈ గొడవే లేదు.

ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడం కూడా చట్టవిరుద్ధమే. కాగితం మీద అది బలమైన మాటే. కానీ ఉద్యోగం పోతే వేరేది వెతుక్కోవడానికో, దేశం వదలడానికో మామూలుగా మీకుండేది 60 రోజులు. అందుకని పనిచేసే చోట గొడవైతే ఫిర్యాదుకి ముందు లాయర్ని కలవమంటాను. ఇంటి విషయంలో ఆ టెన్షన్ లేదు, లీజింగ్ ఆఫీసుకీ మీ వీసాకీ సంబంధం లేదు.

మనవైపు కూడా చూసుకోవాలి. "ఆ ఏరియా మంచిది కాదండీ" అని మనవాళ్ళు అన్నప్పుడు అర్థం ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒకసారి మా క్లాసులో తన బేస్‌మెంటు అద్దెకిచ్చే ఒకాయన "మనవాళ్ళకే, అందులోనూ వెజిటేరియన్లకే" అన్నాడు. వెజిటేరియన్ అన్నది ఏ కులానికి ముసుగో గదిలో అందరికీ అర్థమైంది, ఇద్దరు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. ఆ ఇద్దరూ మళ్ళీ క్లాసుకి రాలేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర కౌన్సిల్ కుల వివక్షని పేరు పెట్టి మరీ నిషేధించింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లే పాస్ చేస్తే, ఉన్న చట్టాలు చాలని గవర్నర్ వీటో చేశారు. దాని మీద మనవాళ్ళలో ఎంత రగడ జరిగిందో చెప్పనక్కర్లేదు. నా అభిప్రాయం అడిగితే, థింద్ లాగా గీతకి అవతలివైపు చోటు కోసం వాదించేవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు.

మీరు చెయ్యవలసింది

ఫెడరల్ గృహ శాఖకి, అందరూ హడ్ అంటారు, ఫిర్యాదు చెయ్యడానికి గడువు ఏడాది. కోర్టుకి వెళ్ళాలంటే రెండేళ్ళు. మీకు ఇంకా తొమ్మిది నెలలుంది, కానీ సాక్ష్యం అన్నాళ్ళు ఆగదు. ఉద్యోగం కేసుల్లో అయితే 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300. ఎంతోమంది "పోనీలే" అనుకుంటూ ఈ గడువులు దాటించేసి నా దగ్గరికొస్తారు. అడగందే అమ్మైనా పెట్టదు, హడ్ అసలే పెట్టదు.

ఫిర్యాదుకి డబ్బు అక్కర్లేదు, లాయరూ అక్కర్లేదు. ఈ రాత్రే కూర్చుని ఆ రోజు జరిగింది తెలుగులోనైనా రాసిపెట్టుకోండి. ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఎవరు, ఏ మాట అన్నారు. వాసన గురించి అన్న మాట ఆ ఆఫీసువాళ్ళు ఎలా అన్నారో అలాగే రాయండి. మీ భార్యగారిని వేరుగా రాయమనండి, ఇద్దరూ ఒకరిది చూసి ఒకరు రాయొద్దు. మీ ఫోన్‌లోనూ, మీ కొలీగ్ ఫోన్‌లోనూ కాల్ లాగ్ స్క్రీన్‌షాట్లు తీయండి. వాళ్ళ వెబ్‌సైటులో ఆ ఫ్లాటు ఎప్పటిదాకా ఖాళీ అని చూపించిందో దొరికితే అదీ దాచండి. మీ కొలీగ్ సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకుంటాడో లేదో ముందే అడగండి, ఆయన లేకపోతే కేసు చాలా బలహీనపడుతుంది. డాలస్ చుట్టుపక్కల ఇళ్ళ వివక్ష మీద ఉచితంగా సాయం చేసే సంస్థలున్నాయి. వాళ్ళు అదే కాంప్లెక్సుకి ఇంకో జంట టెస్టర్లని పంపగలరేమో కనుక్కోండి. ఆ ఆఫీసుకి మీరు మాత్రం మళ్ళీ వెళ్ళి గొడవ పెట్టుకోకండి, టెస్టర్లు వచ్చేసరికి వాళ్ళు జాగ్రత్తపడిపోతారు.